తుపాకీ పేలితే పడుకునే కుక్క

మొన్న శనివారం గరాజ్ సర్దుతుంటే పాత డబ్బాల అడుగున ఒక చిన్న పెట్టె దొరికింది. అందులో నల్లటి మెడపట్టీ, దానికి లోపలివైపు రెండు ఇనుప మొనలు, పక్కన అరచేతిలో ఇమిడే రిమోటు. "ఇదేంటి నాన్నా?" అని మా పాప అడిగితే "ఏదో పాత చార్జరమ్మా" అని అబద్ధం చెప్పి పైఅరలోకి నెట్టేశాను. ఆ అబద్ధం ఎందుకాడానో చెప్పాలంటే కొంచెం దూరం వెళ్ళాలి. ఓ నాలుగున్నర శతాబ్దాలు వెనక్కి. ఓపికుంటే రండి.

మా ఇంట్లో లడ్డూ అని ఒక లాబ్రడార్ ఉంది (పేరు మా అమ్మ పెట్టింది, ఫోన్లో ఫొటో చూసి). మంచిదే గానీ, వీధి తలుపు తెరిస్తే చాలు, రోడ్డు మీదికి ఒకటే పరుగు. పిలిస్తే వెనక్కి చూస్తుంది, రాదు. రెండేళ్ళ కిందట మెంఫిస్‌లో ఒక క్లయింటు దగ్గర పనిచేసేవాణ్ణి. సోమవారం విమానమెక్కడం, గురువారం రాత్రి ఇల్లు చేరడం. అక్కడ పక్క సీటాయనతో ఓ రోజు ఈ గోడు వెళ్ళబోసుకున్నాను. అరవై దాటిన టెనసీ మనిషి. ఉద్యోగం డేటాబేసులతోనే అయినా ప్రాణమంతా కుక్కలమీదే. ఇంట్లో నాలుగు పాయింటర్లున్నాయి. మర్నాడే ఈ పెట్టె తెచ్చిచ్చి, "రెండ్రోజుల్లో దారికొస్తుంది" అన్నాడు.

ఆ రాత్రి హోటల్ గదిలో, కుక్కకి పెట్టేముందు మనకెలా ఉంటుందో చూద్దామని, మణికట్టుకి కట్టుకుని నొక్కాను (నవ్వకండి). చిన్న అంకె మీద చీమ పాకినట్టుంది, అంతే. సగానికి తిప్పి నొక్కేసరికి చెయ్యి దానంతటదే ఎగిరి బల్లమీది కాఫీ కాస్తా ఒలికిపోయింది. నొప్పి పెద్దదేమీ కాదు. కానీ రిమోటు నా చేతిలోనే ఉంది, ఎప్పుడొస్తుందో నాకే తెలుసు, అయినా రెండోసారి నొక్కడానికి వేలు కదల్లేదు. ఎప్పుడొస్తుందో, ఎందుకొస్తుందో తెలియనిదానికి ఎలా ఉంటుంది?

ఆ వారం ఇంటికి వెళ్ళకుండా ఆగిపోయి, శనివారం ఆయన పొలానికి వెళ్ళాను. మెంఫిస్‌కి గంట దూరం. చలికాలం, మోకాలెత్తు ఎండుగడ్డి. అక్కడివాళ్ళు వేటాడేది బాబ్‌వైట్ అనే పిట్టని, మన పూరేడు పిట్టకి దూరపు చుట్టం అనుకోండి. తెల్లటి పాయింటర్ ఒకటి అడ్డంగా, నిలువుగా గాలి వాసన చూస్తూ పరుగెడుతున్నది కాస్తా ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఒక ముందుకాలు గాల్లో, తోక నిటారుగా. ఆయన తీరిగ్గా నడుచుకుంటూ దాన్ని దాటి ముందుకెళ్ళి కాలితో గడ్డి కదిపాడు. డజను పిట్టలు బుర్రుమని లేచాయి. తుపాకీ రెండుసార్లు పేలింది. నేను శాకాహారిని, శబ్దానికే ఉలిక్కిపడ్డాను. కుక్క మాత్రం రెప్ప తప్ప ఏమీ కదపలేదు.

"అలా నిలబడటం ఎలా నేర్పారు?" అనడిగాను.

"పిట్టని చూసి ఆగడం దాని తల్లి దగ్గరే నేర్చుకొచ్చింది. పిట్ట లేచాక కూడా ఆగడం నేను నేర్పాను" అన్నాడు. కాసేపాగి, "మా తాత కుక్కలైతే తుపాకీ పేలగానే నేలమీద పడుకునేవి. 'చార్జ్' అని అరిచేవాడు. పడుకోవడానికి ఆ మాటెందుకో మాత్రం నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు.

నిజమే కదా. చార్జ్ అంటే మీదికి దూకమనాలి, లేదా ఫోనుకి కరెంటు పెట్టమనాలి. పడుకోమనడమేంటి? ఇలాంటివి బుర్రలో దూరితే నాకు నిద్ర పట్టదు. కాపీరైట్ తీరిన పాత వేట పుస్తకాలు బోలెడు నెట్లో ఉచితంగా దొరుకుతాయి. హోటల్ గదిలో రాత్రిళ్ళు అవే చదివాను.

మొదట తెలిసిందేంటంటే, ఈ కుక్కలు తుపాకీకంటే ముందువి. ఇంగ్లండులో జాన్ కైయస్ అనే వైద్యుడు 1570లో అక్కడి కుక్కలమీద లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. 1576లో ఏబ్రహాం ఫ్లెమింగ్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో సెటర్ గురించి ఉంది. పిట్ట వాసన తగలగానే అరవకుండా, పొట్ట నేలకి ఆనించి పురుగులా పాకుతూ వెళ్ళి, చోటు దొరకగానే పడుకుండిపోతుందట. అప్పుడు వేటగాడు వల తెచ్చి పరుస్తాడు. పడుకోవడం ఎందుకో చూడండి! కౌజుల గుంపు మీదికి ఇద్దరు మనుషులు వల లాక్కొస్తున్నప్పుడు మధ్యలో కుక్క నిలబడి ఉంటే వల దానికే చుట్టుకుంటుంది. పడుకుంటే వల దాని మీంచే వెళ్ళి పిట్టల మీద పడుతుంది. 1621లో గెర్వాస్ మార్కమ్ అనే ఆయన పిట్టల వేట మీద పుస్తకం రాస్తూ ఈ కుక్కల శిక్షణకీ చోటిచ్చాడు. అంటే అప్పటికే ఇదొక విద్య.

(చిన్నప్పుడు మా ఊరి బీడుల్లో పిట్టలు పట్టేవాళ్ళు వచ్చేవాళ్ళు. పెంపుడు కౌజుని పంజరంలో పెట్టి, చుట్టూ ఉచ్చులు పరిచేవాళ్ళు. లోపలిది కూస్తే బయటివి పౌరుషానికొచ్చి చిక్కుకునేవి. కుక్క అక్కర్లేని పద్ధతి. 1972 చట్టం తర్వాత అవన్నీ నేరమే అనుకోండి, అయినా మా చిన్నతనంలో ఆ సంగతి ఎవరికి తెలుసు.)

తర్వాత తుపాకీ వచ్చింది. ఇంగ్లండులో 1660ల తర్వాత ఎగిరే పిట్టని కొట్టడం షోకుగా మారింది. 18వ శతాబ్దంలో స్పెయిన్ మూలాలున్న పాయింటర్లు అక్కడికి చేరాయి. ఇవి పడుకోవు, నిలబడే చూపిస్తాయి. మరి పడుకోవడం పోవాలి కదా? పోలేదు. కారణం అప్పటి తుపాకీయే. గొట్టం మూతిలోంచి మందు పోయాలి, దాని మీద బిళ్ళ కుక్కాలి, రవ్వలు పోయాలి, ఇంకో బిళ్ళ కుక్కాలి. రెండు గొట్టాలుంటే రెండుసార్లు. పిట్టలన్నీ ఒకేసారి లేవవు, ఒకటి రెండు గడ్డిలోనే ఉండిపోతాయి. తుపాకీ ఖాళీగా ఉన్నప్పుడు పడ్డ పిట్ట కోసం కుక్క ఉరికిందంటే మిగిలినవీ లేచిపోతాయి. కాబట్టి మందు కూరేదాకా కుక్క నేలకి అంటుకుపోవాలి. మందు కూరడాన్నే ఇంగ్లీషులో చార్జ్ అంటారు. కుక్కకిచ్చే ఆజ్ఞ "డౌన్ చార్జ్". అంటే, మందు కూరుతున్నాం, పడుకో!

దీనికి కొసమెరుపు ఉంది. వెనకనుంచి తూటా పెట్టుకునే తుపాకులు 1851 లండన్ ఎగ్జిబిషన్లో కనిపించి, 1860లకల్లా బాగా వ్యాపించాయి. మందు కూరడమనే పనే పోయింది. ఆజ్ఞ మాత్రం పోలేదు. సగం మాట అరిగిపోయి, అట్లాంటిక్ దాటి, మా టెనసీ పెద్దాయన తాతగారి నోటిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా కోబాల్ ప్రోగ్రాముల్లో, ఎందుకుందో ఎవరికీ తెలియక, తీస్తే ఏం కూలుతుందోనని ఎవరూ ముట్టుకోని లైన్లు చూస్తున్నవాణ్ణి కదా, నాకు ఆ తాతగారిమీద భలే ఆత్మీయత కలిగింది.

సరే, ఆజ్ఞ సంగతి తేలింది. కానీ పుస్తకాలు మూసేయలేకపోయాను. ఎందుకంటే పేజీ పేజీకీ నా గరాజ్ పెట్టెలోని ప్రశ్నే ఉంది.

కుక్క ఆగడం పుట్టుకతో వచ్చేదే. పిల్లి ఎలుక మీదికి దూకేముందు ఒక క్షణం బిగుసుకుంటుంది చూడండి, ఆ క్షణాన్ని తరతరాలుగా ఏరికోరి సాగదీస్తే వచ్చిందే ఈ కుక్కల పాయింటు. గేలపు కర్రకి దారం కట్టి, చివర పిట్ట రెక్క వేలాడదీస్తే రెండు నెలల కూన కూడా బిగుసుకుంటుంది. అక్కడిదాకా మనిషి గొప్పేమీ లేదు. మనిషి నేర్పాల్సింది ఆ తర్వాతిదే. ఒళ్ళంతా దూకమంటుంటే దూకకుండా ఉండటం. ఆకలి, పరుగు, రక్తంలో ఉన్నదంతా ఒకవైపు లాగుతుంటే ఆగిపోవడం. అది నేర్పడానికే ఈ పరికరాలన్నీ. వాటి పాత జాబితా చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. పొడవాటి తాడు, కొరడా, లోపలికి మేకులు తిరిగిన మెడపట్టీ. ఇంకోటి, పజిల్ పెగ్ అని, దవడ కింద కట్టి ముక్కు ముందుకి పొడుచుకొచ్చేలా పెట్టే కొయ్య. ముక్కు నేలకి దించకుండా, తలెత్తి గాల్లో వాసన చూడటం అలవాటవ్వాలని. ఈ పనికి అప్పట్లో ఇంగ్లీషులో ఉన్న పేరే "బ్రేకింగ్". అంటే విరవడం.

విలియం హచిన్సన్ అనే సైనికాధికారి 1848లో రాసిన పుస్తకం పేరు కూడా అదే, కుక్కల్ని విరవడం. కానీ లోపలి మనిషి వేరు. ముందు ఇంట్లో, పెరట్లో నేర్పమంటాడు. తిండి ముందు పెట్టి ఆగడం అలవాటు చేసి, ఆగినందుకు ఆ తిండే పెట్టమంటాడు. అరుపులు తగ్గించి, చేతి సైగలు వాడమంటాడు. మైదానంలో గొంతు చించుకుంటే పిట్టలే పారిపోతాయి కదా. కొరడా పూర్తిగా వదల్లేదు గానీ, కోపంలో ఎత్తొద్దంటాడు.

ఇంకో అడుగు ముందుకేసినవాడు ఎస్. టి. హామండ్ అనే అమెరికన్. "ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్" పత్రికలో రాసి 1882లో పుస్తకంగా తెచ్చాడు. విరవడం వేరు, నేర్పడం వేరు అని పేరులోనే చెప్పేశాడు. కొట్టి నేర్పనిది కుక్కకి ఒంటబట్టదని రాసినవాళ్ళంతా అంటున్నారు, అది తప్పు, అన్నది ఆయన వాదన. చేసినప్పుడు మాంసం ముక్క, చెయ్యనప్పుడు ముక్క లేదు, ఓర్పుగా మళ్ళీ మొదటినుంచి. అంతే. థార్న్‌డైక్ పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి పరీక్షించింది 1898లో. స్కిన్నర్ పుస్తకం 1938లో. ప్రయోగశాలలు తర్వాత తేల్చినదాన్ని ఒక వేట పత్రికవాడు తన వంటింట్లో కూన పక్కన కూర్చుని ముందే కనిపెట్టుకున్నాడు. ఎవరు విన్నారు? కొందరు విన్నారు. మేకుల పట్టీలు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఇక్కడ నాకు మా లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. పేరెందుకు లెండి. చింతబరికె ఆయన చేతికి ఆరో వేలు. ఎక్కాలు తప్పితే అరచేతిమీద, మాట్లాడితే పిక్కలమీద. పదిహేడో ఎక్కం నాకిప్పటికీ నిద్రలో కూడా వస్తుంది, దెబ్బల వల్లే వచ్చిందని మా నాన్న ఇప్పటికీ అంటాడు. కావచ్చు. కానీ లెక్క తెలిసినా చెయ్యెత్తడం మాత్రం ఆ క్లాసులోనే మానేశాను, ఆ అలవాటు అమెరికా మీటింగుల దాకా వచ్చింది. పాత శిక్షకులు ఈ జబ్బుకి ఒక పేరు పెట్టుకున్నారు, బ్లింకింగ్ అని. పిట్ట దగ్గర దెబ్బలు తిన్న కుక్క తర్వాత పిట్ట వాసన తగిలినా తగలనట్టే చుట్టుతిరిగి వెళ్ళిపోతుందట. అది చూడనట్టు నటిస్తుంది. వేటకుక్కకి అంతకంటే పెద్ద చావు లేదంటారు.

మెంఫిస్ దగ్గరే జరిగిందింకో సంగతి. ఈ కుక్కల పోటీలు మొదట 1865లో ఇంగ్లండులో, బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని సౌత్‌హిల్‌లో మొదలయ్యాయి. అమెరికాలో మొదటిది 1874లో, మెంఫిస్‌లో. 1896లో జాతీయ పోటీ మొదలై, తర్వాత మెంఫిస్‌కి తూర్పున గ్రాండ్ జంక్షన్ అనే ఊరి దగ్గర స్థిరపడింది. ఆ ఎస్టేటుని 1901లో కొన్నది హోబర్ట్ ఏమ్స్ అని మాసచూసెట్స్ పారల కంపెనీ ఆసామి. మూడు గంటలపాటు కుక్క ఆగకుండా వెతకాలి. వెనక గుర్రాల మీద మనుషులు. ఆ ఊళ్ళో మ్యూజియం కూడా ఉంది, ఓ సాయంత్రం వెళ్ళాను. గోడల నిండా చిత్రాలు, కుక్కల పేర్లు, యజమానుల పేర్లు. దక్షిణాది ఎస్టేటుల్లో కూనల్ని సాకింది, తప్పిపోయిన కుక్క కోసం గుర్రమెక్కి ముళ్ళపొదలన్నీ వెతికింది చాలామటుకు నల్లవాళ్ళే. వాళ్ళని స్కౌట్లు అంటారు. కప్పుల మీద పేర్లు మాత్రం పొలం ఎవరిదో వాళ్ళవి. ఇది చెప్పకుండా ఈ చరిత్ర రాయడం నాకిష్టం లేదు.

గుర్రాలెక్కాక దూరం పెరిగింది. నా అభిప్రాయంలో మిగతా కథంతా దూరానిదే. తాడు పొడవు ఇరవై ముప్ఫై అడుగులు, అది దాటితే కుక్క నీది కాదు. ఈల ఇంకొంచెం దూరం పోతుంది. అడవిలో అయితే మెడకి గంట. గంట మోగుతున్నంతసేపూ కుక్క తిరుగుతోందని, ఆగిపోయిందంటే పిట్ట దొరికిందని. శబ్దం కాకుండా, శబ్దం ఆగిపోవడమే కబురు! నాకు ఈ పరికరాలన్నిట్లో నచ్చింది అదొక్కటే. తర్వాత బీప్ చేసే పట్టీలొచ్చాయి, 2000 దశకంలో జీపీఎస్ వచ్చింది. ఇప్పుడు మా పెద్దాయన కుక్కలు అర మైలు అవతల ఆగినా చేతిలోని తెరమీద తెలిసిపోతుంది.

మేకుల పట్టీ కూడా అలాగే దూరం వెళ్ళింది. అరిజోనాలో ట్రై-ట్రానిక్స్ అనే కంపెనీ 1968లో మొదలైంది, వేటకుక్కలకి రేడియోతో షాకిచ్చే పట్టీలు చేసి పేరు తెచ్చుకుంది. 2011లో జీపీఎస్ వాళ్ళు, గార్మిన్, దాన్ని కొనేశారు. తొలి పట్టీల్లో ఇప్పటిలా రిమోటు మీదే బలం తగ్గించే వీలుండేది కాదు. ఇప్పటివాటిలో బోలెడు మెట్లున్నాయి, ఉత్త వణుకు మాత్రమే ఇచ్చేవీ ఉన్నాయి.

పెద్దాయన వాదన కూడా చెప్పాలి, కొట్టిపారెయ్యడానికి లేదు. "అర మైలు దూరంలో నా కుక్క హైవే వైపు పోతోంది. మాంసం ముక్క చూపించనా?" అన్నాడు. ఆయన ఆ పట్టీ కట్టేముందు నెలలపాటు తాడుతోనే నేర్పుతాడు. పెరట్లో చిన్న బల్ల మీద నిలబెట్టి "వో" అంటాడు, గుర్రాన్ని ఆపే మాటే (ఇంగ్లండు వాళ్ళ పాత మాట "టోహో"). తర్వాత నేలమీద, తర్వాత పావురంతో. పావురం తల రెక్క కింద పెట్టి నెమ్మదిగా ఊపితే అది నిద్రపోతుంది, గడ్డిలో పెట్టొచ్చు. ఇంటివెనక ఒక గూడుంది, అందులో పూరేళ్ళు. పగలు కొన్నిటిని వదిలితే, లోపల మిగిలినవాటి కూత విని సాయంత్రం గరాటులాంటి దారిలోంచి లోపలికొచ్చేస్తాయి. అడవి పిట్టలు సరిపోవు మరి. 1960ల తర్వాత బాబ్‌వైట్‌లు 5లో 4 వంతులు తగ్గిపోయాయి. అవి ఉండే గడ్డి, పొదలే మిగల్లేదు. ఇన్నేళ్ళ విద్య, కుక్కా, పట్టీ, జీపీఎస్, అన్నీ ఉన్నాయి. పిట్ట లేదు.

అయితే నేను మణికట్టుకి కట్టుకున్న రాత్రి నుంచి వెతుకుతున్నది వేరే. 2004లో నెదర్లాండ్స్‌లో షిల్డర్, వాన్ డెర్ బోర్గ్ అనే ఇద్దరు కాపలా కుక్కల్ని గమనించారు. షాకు తిన్నవి, షాకు లేనప్పుడు కూడా, యజమాని దగ్గర చెవులు దించుకుని నడిచాయి. వాటికి అర్థమైన పాఠం, యజమాని పక్కనుంటే ఏదో జరుగుతుందని. 2014లో ఇంగ్లండులో లింకన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 63 కుక్కలతో, పిలిస్తే రాకపోవడం, గొర్రెల వెంట పడటం లాంటి వాటికే పరీక్ష పెట్టారు. తిండితో నేర్పినవాటికంటే పట్టీతో నేర్పినవి మెరుగేం కాలేదు. వేల్స్‌లో 2010లోనే నిషేధించారు. హామండ్ అయితే నేనప్పుడే చెప్పానుగా అనేవాడు.

నేనేం చేశాను? నిజం చెప్పాలి కదా. మెంఫిస్ నుంచి వచ్చిన వారం లడ్డూకి పట్టీ కట్టాను. ఒక్కసారి నొక్కాను, చిన్న అంకె మీదే. అది గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, నావైపు కాకుండా గులాబీ కుండీవైపు అనుమానంగా చూసింది. దానికి కరెంటు పెట్టింది ఆ కుండీయే అనుకుంది పాపం. తర్వాత చాలా రోజులు ఆ పక్కకి వెళ్ళలేదు. రోడ్డు మీదికి మాత్రం మామూలుగానే, ఇంకో దారిలో.

పెద్దాయనకి ఫోన్ చేసి చెబితే కాసేపు నవ్వి, "తాడు కొను, ముప్ఫై అడుగులది. ముందు చెయ్యాల్సింది అదే, నువ్వు చివరిది ముందు చేశావు" అన్నాడు. పట్టీ తిరిగి పంపుతానంటే ఉంచుకోమన్నాడు. హార్డ్‌వేర్ షాపులో తాడు పద్నాలుగు డాలర్లయింది. రోజూ సాయంత్రం పావుగంట, జేబులో ఉడికించిన చిలగడదుంప ముక్కలు (మా ఇంట్లో మాంసం రాదు, లడ్డూకి పట్టింపు లేదు). ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు వస్తుంది. పదోసారి ఉడుత ఉంటుంది.